ఎన్‌ఐహెచ్‌ఆర్ కమిషన్డ్ కాల్: బ్రీఫ్‌లోని ప్రశ్నను మనకు తగినట్టు ఎంతవరకు మలచుకోవచ్చు?

ప్రశ్న: గుంటూరు_మిడ్‌లాండ్స్

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులోని ఒక ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో మధుమేహ విభాగంలో కన్సల్టెంటును. ఇతరులు నడిపే ట్రయల్స్‌కు మా ఆసుపత్రి తరఫున ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటరుగా కొన్నేళ్లుగా ఉంటున్నాను గాని, నిధుల కోసం సొంతంగా దరఖాస్తు రాసే అవసరం ఇంతవరకు రాలేదు. ఈమధ్య ఇక్కడ ఆరోగ్య పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే సంస్థ అయిన ఎన్‌ఐహెచ్‌ఆర్ వారి హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ కార్యక్రమం, అంటే మనందరం హెచ్‌టీఏ అనేది, నా రంగానికి బాగా దగ్గరైన అంశం మీద కమిషన్డ్ కాల్, అంటే ప్రశ్నను తామే నిర్ణయించి దరఖాస్తులు కోరే పిలుపు, ప్రకటించింది. ఏ కాల్ అన్నది గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చి చెబుతున్నాను. గర్భిణిగా ఉన్నప్పుడు మధుమేహం వచ్చిన స్త్రీలకు ప్రసవం తరువాత బరువు తగ్గే కార్యక్రమం ఒకటి అందిస్తే, ఇప్పుడు అందుతున్న మామూలు సంరక్షణ కన్నా అది టైప్ 2 మధుమేహాన్ని నివారించడంలో ఎంత మేలు, పెట్టిన ఖర్చుకు తగిన ప్రయోజనం ఉందా అన్నది బ్రీఫ్‌లోని, అంటే ఆ కాల్‌తో వారిచ్చిన వివరణ పత్రంలోని, ప్రశ్న.

మా క్లినిక్‌కు వచ్చేవారిలో దక్షిణాసియా స్త్రీలే ఎక్కువ. నా ఆసక్తి కూడా వారి మీదే. మన తిండికి తగినట్టు సలహాలిచ్చే ఫోన్ యాప్ ఒకదాన్ని మిత్రులతో కలిసి తయారు చేసి ఉన్నాను. అందువల్ల నా సందేహాలు ఇవి. ఈ ట్రయల్‌ను దక్షిణాసియా స్త్రీలకు మాత్రమే పరిమితం చేసి దరఖాస్తు పెట్టవచ్చా? బ్రీఫ్‌లో పోల్చమన్న రెండు వర్గాలతో (కార్యక్రమం అందేవారు, మామూలు సంరక్షణ అందేవారు) పాటు మా యాప్ వాడేవారిని మూడో వర్గంగా చేర్చవచ్చా? ఇంతకుముందు గ్రాంటు లేని నాలాంటి వైద్యురాలు ముఖ్య దరఖాస్తుదారుగా ఉంటే కమిటీ ఎలా చూస్తుంది? ఖర్చుల పట్టిక ఎవరి చేత వేయించాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: ట్రయల్_గణాంకం

డాక్టర్ గారికి నమస్కారం. నేను ఒక క్లినికల్ ట్రయల్స్ యూనిట్‌లో గణాంకవేత్తను. మొదటి రెండు ప్రశ్నలకూ నా జవాబు కాదనే. అయితే ఎందుకు కాదో తెలిస్తేనే, అదే కాల్‌లో మీకు ఎక్కడ స్వేచ్ఛ ఉందో కూడా తెలుస్తుంది కాబట్టి కొంచెం విస్తరించి రాస్తున్నాను.

హెచ్‌టీఏ కార్యక్రమం 1993లో మొదలైంది. 2006లో ఎన్‌ఐహెచ్‌ఆర్ ఏర్పడ్డాక దాని గొడుగు కిందికి వచ్చింది. అందులో రెండు దారులున్నాయి. ఒకటి పరిశోధకులే ప్రశ్నను తెచ్చే దారి, రెండోది ప్రశ్నను వారే ముందుగా నిర్ణయించి, దానికి జవాబు తేగల బృందం కోసం పిలుపునిచ్చే కమిషన్డ్ దారి. ఈ రెండో దారిలో బ్రీఫ్ మీ కంటబడేసరికే ఆ ప్రశ్న చాలా చేతులు మారి వచ్చి ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎస్‌కు చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ పత్రాల్లో ‘ఇక్కడ ఆధారం చాలదు, పరిశోధన అవసరం’ అని రాసిన సిఫారసులు, రోగులూ వైద్యులూ కలిసి కూర్చుని ప్రాధాన్యాలు తేల్చే జేమ్స్ లిండ్ అలయన్స్ జాబితాలు, ఆరోగ్య శాఖ అవసరాలు మొదలైన వాటి నుంచి అంశాలు వస్తాయి. వాటిని వడపోసి, ఎవరిలో, ఏ చికిత్సను, దేనితో పోల్చి, ఏ ఫలితాన్ని, ఎంతకాలం పాటు కొలవాలో రాసి బయటికి పంపుతారు. ఆ ప్రశ్నకు జవాబు కావాలని అడిగినవారు అవతల ఎదురుచూస్తూ ఉంటారు. మీరు దానిని ఒక్క జనవర్గానికి కుదించారంటే, మీ ట్రయల్ ఎంత చక్కగా నడిచినా వారడిగిన ప్రశ్న మిగిలే ఉంటుంది. రెండు దశల్లో సాగే ఈ దరఖాస్తులో మొదటి దశలోనే ‘బ్రీఫ్ పరిధిలో లేదు’ అన్న ఒక్క వాక్యంతో దరఖాస్తు తిరిగివస్తుంది. మూడో వర్గం సంగతీ అంతే. పైగా ప్రతి అదనపు వర్గం వందల మంది అదనపు స్త్రీలను, దానికి తగిన డబ్బును కోరుతుంది. మీ యాప్ మీద మీకున్న మక్కువకు ఆ ఖర్చు ఎందుకు భరించాలని కమిటీ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. యాప్‌ను పరీక్షించాలనుకుంటే పరిశోధకులు ప్రశ్న తెచ్చే దారి ఎలాగూ తెరిచే ఉంది, అక్కడికి తీసుకెళ్లండి.

ఇక స్వేచ్ఛ ఎక్కడుందంటే, బ్రీఫ్‌ను ఇంకొకసారి నెమ్మదిగా చదివి, ‘దరఖాస్తుదారులే నిర్వచించి సమర్థించాలి’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో గీత గీయండి. చాలా బ్రీఫ్‌లలో ఆ మాట రెండు మూడు చోట్లయినా ఉంటుంది. బరువు తగ్గే కార్యక్రమం ఎలాంటిది, ప్రసవమైన ఎన్ని వారాలకు మొదలుపెట్టాలి, ఏ బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు సూచిక) నుంచి చేర్చుకోవాలి వంటివి మీకు వదిలేసి ఉండవచ్చు. బీఎంఐ సంగతే చూడండి. అందరికీ 30 అని గీత గీస్తే మీ దక్షిణాసియా స్త్రీలలో చాలామంది గడప దాటి లోపలికి రాలేరు. ఆసియా, ఆఫ్రికా మూలాలవారిలో 27.5 దగ్గరే ముప్పు ఎక్కువని గుర్తించాలని నైస్ 2013లోనే చెప్పింది. ఈ ఒక్క అర్హతా నియమాన్ని సరిగ్గా సమర్థించి రాస్తే, ప్రశ్నను మార్చకుండానే మీ ఉద్దేశం సగం నెరవేరుతుంది.

దక్షిణాసియా స్త్రీలను ఉపసమూహంగా విశ్లేషిస్తామని రాయవచ్చు, రాయాలి కూడా. కాని దాని మీద అతిగా ఆశ పెట్టుకోకండి. రెండు సమూహాల మధ్య చికిత్సా ప్రభావంలో తేడా ఉందా అని తేల్చే పరీక్షకు, ఆ తేడా మొత్తం ప్రభావమంతే పెద్దదనుకున్నా, మామూలు నమూనా పరిమాణానికి సుమారు నాలుగు రెట్లు మంది కావాలి. అంతమందిని ఎవరూ ఇవ్వరు. కాబట్టి ‘ముందే ప్రకటించిన ఉపసమూహ విశ్లేషణ, తుది తీర్పుగా కాక సూచనగా’ అని నిజాయితీగా రాయడమే మర్యాద.

నమూనా పరిమాణం కన్నా కమిటీలు ఎక్కువగా గుచ్చి అడిగేది, అంతమందిని చేర్చుకోగలరా అని. దీని వెనుక చేదు చరిత్ర ఉంది. బ్రిటన్‌లో వైద్య పరిశోధన మండలి, హెచ్‌టీఏ నిధులతో 1994 నుంచి 2002 మధ్య నడిచిన 114 ట్రయల్స్‌ను పరిశీలిస్తే, మొదట అనుకున్న సంఖ్యను చేరుకున్నవి 31 శాతమే. సగానికి పైగా గడువు పొడిగించుకున్నాయి. తరువాత 2004 నుంచి 2016 వరకు హెచ్‌టీఏ పత్రికలో ప్రచురితమైన 151 ట్రయల్స్‌ను చూసినప్పుడు, సవరించుకున్న లక్ష్యాన్నయినా అందుకున్నవి 56 శాతం. ఆ అధ్యయనంలోనే ఒక్కొక్క కేంద్రం నెలకు చేర్చుకున్నవారి మధ్యగత సంఖ్య 0.92, అంటే నెలకు ఒకరు కూడా కాదు. ఇది అన్ని రకాల ట్రయల్స్ కలిపి తీసిన సంఖ్య, వాటి మధ్య తేడాలు చాలా ఎక్కువ. అయినా మీ అంచనాను దాని పక్కన పెట్టి చూసుకోండి. 20 కేంద్రాలు 18 నెలలు పనిచేస్తే ఆ వేగంతో వచ్చేది 331 మంది. మీకు 900 మంది కావాలంటే, మా క్లినిక్‌లు రద్దీగా ఉంటాయన్న మాట సరిపోదు. గత సంవత్సరం ఎంతమంది ప్రసవించారు, వారిలో అర్హులెందరు, అడిగితే ఒప్పుకునేవారు ఎందరు అన్నది కేంద్రాలవారీగా పట్టిక వేసి చూపాలి. ట్రయల్ లోపలే మొదట ఒక పైలట్ (ప్రయోగాత్మక) దశ పెట్టి, ఎంతమంది చేరితే ముందుకు వెళ్లాలి, ఎంతకు తగ్గితే ఆపాలి అన్న ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు మీరే ముందుగా గీయండి. లేకపోతే కమిటీయే గీస్తుంది, అవి మీకు నచ్చే చోట ఉండవు.

జవాబు: పౌండ్ల_పద్దు

నేను ఒక ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులో (ఆసుపత్రులను నడిపే సంస్థ) పరిశోధన, అభివృద్ధి కార్యాలయంలో పనిచేస్తాను. పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఖర్చుల సంగతి మాత్రం చెబుతాను, ఎందుకంటే మంచి దరఖాస్తులు చివరి వారంలో నలిగిపోయేది ఇక్కడే.

ఎన్‌హెచ్‌ఎస్‌లో జరిగే పరిశోధన ఖర్చులను 2012 నాటి ఎకార్డ్ మార్గదర్శకం మూడు మూటలుగా కట్టింది. పరిశోధన ఉన్నందువల్లే అయ్యే ఖర్చు, అంటే ట్రయల్ మేనేజరు జీతం, గణాంకాలు, ప్రశ్నావళులు, విశ్లేషణ, ఇవి గ్రాంటులో అడగాలి. రోగి భద్రత, అంగీకార పత్రాల వంటి పనికి ఆసుపత్రి సిబ్బంది సమయం రెండో మూట. అది గ్రాంటులోకి రాదు, 2024 అక్టోబరు నుంచి రీసెర్చ్ డెలివరీ నెట్‌వర్క్ అని పిలుస్తున్న వ్యవస్థ ద్వారా సాయం వస్తుంది. మూడోది చికిత్స ఖర్చు. మీ బరువు తగ్గే కార్యక్రమం ఈ మూడో మూటలో పడుతుంది. ట్రయల్ ముగిశాక కూడా ఆ సేవను కొనసాగిస్తే ఎన్‌హెచ్‌ఎస్ దానికి డబ్బు పెట్టాల్సి వస్తుంది గనుక, అది పరిశోధన ఖర్చు కాదన్నది లెక్క. కొత్తవారు దానిని పరిశోధన ఖర్చులో కలిపి బడ్జెట్టును అనవసరంగా ఉబ్బించి చూపుతారు. మామూలు సంరక్షణ కన్నా అదనంగా పడే భాగాన్ని అదనపు చికిత్సా వ్యయం అంటారు. దానిని ఎవరు భరిస్తారన్నది ఆ కార్యక్రమం ఆసుపత్రిలో నడుస్తుందా, స్థానిక కౌన్సిలు కొనుగోలు చేసే సేవా అన్న దానిని బట్టి మారుతుంది కాబట్టి, మీ విషయంలో ఈ ప్రశ్నను మొదటి దశలోనే తేల్చుకోవడం మంచిది.

ఈ మూటలన్నీ విడగొట్టి చూపే పట్టికను సోకాట్ అంటాము. రెండో దశ దరఖాస్తుకు అది తప్పనిసరి. దానిని మీరు నింపినా, ఎకార్డ్ తెలిసిన నిపుణుడు చూసి ఆమోదించాలి. ఆ ఆమోదం ఒక్క పూటలో రాదు. విశ్వవిద్యాలయం మీ తరఫున ఒప్పందం చేసుకుంటే దాని పూర్తి ఆర్థిక వ్యయంలో 80 శాతం వరకే ఎన్‌ఐహెచ్‌ఆర్ ఇస్తుంది. ఎన్‌హెచ్‌ఎస్ సంస్థకైతే ప్రత్యక్ష ఖర్చులు 100 శాతం వరకు వస్తాయి. ట్రయల్స్ యూనిట్ విశ్వవిద్యాలయంలో, మీరు ట్రస్టులో ఉంటే ఎవరు ఒప్పందదారు, ఎవరు స్పాన్సరు (ట్రయల్ నిర్వహణకు బాధ్యత వహించే సంస్థ) అన్నది రెండు కార్యాలయాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాట కన్సల్టెంటు నోటి నుంచి ముందుగా వస్తే మాలాంటివాళ్లం ఎంత సంతోషిస్తామో చెప్పలేను.

జవాబు: కమిటీలో_అమ్మ

నేను వైద్యురాలిని కాను, శాస్త్రవేత్తనూ కాను. పరిశోధనలకు నిధులిచ్చే ఒక కమిటీలో కొంతకాలం ప్రజాసభ్యురాలిగా కూర్చున్నాను. గణాంకం గారు చెప్పినదంతా సరైనదే, కాని ఒక చోట వారితో నాకు పేచీ ఉంది. దక్షిణాసియా స్త్రీల విషయాన్ని ఆయన బీఎంఐ నియమం దగ్గర, ఉపసమూహ విశ్లేషణ దగ్గర ఆపేశారు. డాక్టర్ గారి బలం అసలు వేరే చోట ఉందని నా అభిప్రాయం.

బ్రీఫ్‌లో ‘స్త్రీలు’ అని ఉంటే అందులో మనవాళ్లూ ఉన్నారు. ఈ జబ్బు భారం ఎవరి మీద ఎక్కువగా ఉందో వారు ట్రయల్‌లో చేరకపోతే, వచ్చిన జవాబు ఎవరికి పనికొస్తుందని కమిటీలు ఇప్పుడు సూటిగానే అడుగుతున్నాయి. మా బల్ల మీదికి వచ్చిన దరఖాస్తుల్లో చాలావరకు దీనికి ఒకే జవాబు: కరపత్రాలను ఇతర భాషల్లోకి తర్జుమా చేయిస్తాము. అంతటితో సరి. తర్జుమా చేసిన కరపత్రం చేతికి వచ్చాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో రాసినవారికి తెలియదు. మీకు తెలుసు. బాలింతకు పథ్యం పెట్టే ఇంట్లో ఆరో వారానికి బరువు తగ్గే తరగతికి రమ్మంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఊరి నుంచి ఆరు నెలల సందర్శక వీసా మీద అమ్మో అత్తగారో వచ్చి ఉంటారు, వంటగది వారి చేతిలో ఉంటుంది, నెయ్యి ఎంత వేయాలో వారే నిర్ణయిస్తారు, పాలు పడాలంటే తినాలంటారు. ఆ పెద్దావిడను ఒప్పించకుండా బాలింతకు చెప్పిన ఆహార సలహా గాలికి పోతుంది. కార్యక్రమం ఎప్పుడు మొదలవ్వాలి, ఎవరితో మాట్లాడాలి, ఇంటికి వెళ్లి చెప్పాలా ఫోనులో చెప్పాలా అన్నవి బ్రీఫ్ మీకే వదిలేసిన అంశాలైతే, వీటిని సరిగ్గా రూపొందించగల బృందం మాదేనని మీరు చెప్పగలరు. అదే ప్రశ్నకు మీతో పోటీపడే ఇతర బృందాలకు ఆ మాట చెప్పడం కష్టం.

అయితే ఆ మాట మీ ఒక్కరి నోట రాకూడదు. గర్భధారణలో మధుమేహం అనుభవించిన స్త్రీలను ఇద్దరు ముగ్గురిని మొదటి దశకు ముందే కూర్చోబెట్టి వినండి, వారిలో ఒకరిని సహ దరఖాస్తుదారుగా చేర్చండి. అందరూ తెలుగువారే కాకుండా చూడండి. గుజరాతీ, పంజాబీ, బెంగాలీ ఇళ్ల రీతి వేరు, అసలు దక్షిణాసియాకు సంబంధమే లేని స్త్రీలు ఈ ట్రయల్‌లో ఇంకా ఎక్కువమంది ఉంటారు. వారి సమయానికి డబ్బు ఇవ్వాలి, బడ్జెట్టులో దానికి ఒక వరుస ఉండాలి. వారు చెప్పినదానివల్ల మీ ప్రణాళికలో ఏం మారిందో రాయండి. ‘సంప్రదించాము, సమర్థించారు’ అన్న వాక్యాన్ని ప్రజాసభ్యులం ఎవరమూ నమ్మము.

సామాన్యుల కోసం రాసే సారాంశం గురించి ఒక మాట. చాలామంది దానిని చివరి రాత్రి రాస్తారు. నేను ప్రతి దరఖాస్తులోనూ మొదట చదివింది అదే, నా పక్కన కూర్చున్న ప్రొఫెసర్లు కూడా వేరే విభాగానికి చెందినవారైతే ముందు దానినే తిరగేసేవారు.

జవాబు: హైదరాబాద్_ప్రజారోగ్యం

ఆసక్తికరమైన చర్చ. డాక్టర్ గారు ఇక్కడ హైదరాబాదులోనో గుంటూరులోనో ఒక కేంద్రాన్ని చేర్చే ఆలోచన చేస్తున్నారేమోనని రాస్తున్నాను, ఎందుకంటే మాకు అలాంటి ఫోన్లు వస్తుంటాయి. హెచ్‌టీఏ నిధులు ఎన్‌హెచ్‌ఎస్ అవసరాల కోసం. ఇక్కడి స్త్రీలను చేర్చడం ఆ బ్రీఫ్‌కు జవాబు కాదు. మధ్య, అల్ప ఆదాయ దేశాల కోసం ఎన్‌ఐహెచ్‌ఆర్‌కే 2016 నుంచి గ్లోబల్ హెల్త్ రీసెర్చ్ అన్న వేరే విభాగం ఉంది, దాని డబ్బు బ్రిటన్ ప్రభుత్వ విదేశీ సహాయ బడ్జెట్టు నుంచి వస్తుంది. ఆ దారిలో వచ్చినా ఇక్కడ విదేశీ నిధులతో చేసే ఆరోగ్య పరిశోధనకు హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, ట్రయల్ అయితే 2009 జూన్ నుంచి సీటీఆర్‌ఐలో (భారత్‌లోని ట్రయల్స్ నమోదు పట్టిక) నమోదు తప్పనిసరి. దాని కాలపరిమితి వేరు, ఈ కాల్ గడువులో ఇమడదు.

ప్రభుత్వం అడిగిన ప్రశ్నకు పరిశోధకులు జవాబిచ్చే పద్ధతి మనకూ ఉంది: కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో ఏర్పడిన హెచ్‌టీఏ ఇన్ అదే పని చేస్తోంది. మన రాష్ట్రాల్లో పనిచేసే మిత్రులు అటువైపు చూడవచ్చు.

ప్రశ్నించినవారి మాట: గుంటూరు_మిడ్‌లాండ్స్

అందరికీ కృతజ్ఞతలు. బ్రీఫ్‌ను మళ్లీ చదివాను. కార్యక్రమం మొదలుపెట్టే సమయం, దానిని అందించే పద్ధతి, బీఎంఐ, మూడూ దరఖాస్తుదారులే నిర్వచించాలని ఉంది. ప్రధాన ఫలితం, కనీస పరిశీలనా కాలం మాత్రం వారే నిర్ణయించారు. యాప్‌ను ఈ దరఖాస్తు నుంచి తీసేశాను. మిగిలిన సందేహం నా స్థానం గురించే. మా ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో పెద్ద ట్రయల్స్ నడిపిన ప్రొఫెసరు ఒకరు ఉన్నారు, ఆయనను ముఖ్య దరఖాస్తుదారుగా ఉండమని అడిగి నేను సహ దరఖాస్తుదారుగా ఉండాలా, లేక నేనే ముందు నిలబడాలా?

జవాబు: ట్రయల్_గణాంకం

ముందుగా, కమిటీలో_అమ్మ గారు చెప్పినది నా జవాబులో ఉండవలసిన మాట. ఆ పథ్యం సంగతి పైలట్ దశ ప్రణాళికలోకి నేరుగా రావాలి.

మీ ప్రశ్నకు మూడో దారి ఉంది. ఎన్‌ఐహెచ్‌ఆర్ ఉమ్మడి ముఖ్య దరఖాస్తుదారులను అనుమతిస్తుంది, ఇద్దరి బాధ్యతలూ ఎందుకు, ఎలా పంచుకున్నారో రాయాలి. ట్రయల్ నడిపిన చరిత్ర ఆయనది, రోగులతో, కేంద్రాలతో సంబంధం మీది. ఈ కాల్‌కు రెండూ కావాలి గనుక సమర్థించడం కష్టం కాదు. ఆయన పేరు అలంకారానికి కాదని తెలియడానికి వారంలో ఎంత సమయం ఇస్తారో స్పష్టంగా చూపించండి. మీ సమయం కూడా అంతే, మీ విభాగాధిపతి లిఖితపూర్వకంగా ఒప్పుకున్న సమయమే రాయండి. ఆర్థిక విశ్లేషణకు ఒక ఆరోగ్య ఆర్థికవేత్త, ప్రవర్తనా మార్పు తెలిసినవారు ఒకరు, మంత్రసానుల వైపు నుంచి ఒకరు బృందంలో ఉండాలి.

ఈ వారంలోనే చేయవలసిన పని రీసెర్చ్ సపోర్ట్ సర్వీసుకు రాయడం. 2023 అక్టోబరు నుంచి పాత రీసెర్చ్ డిజైన్ సర్వీసు స్థానంలో ఉన్నది అదే. సలహాకు డబ్బు తీసుకోరు, ఏ ట్రయల్స్ యూనిట్‌కు ఖాళీ ఉందో కూడా వారు చెప్పగలరు. యూనిట్‌ను గడువుకు మూడు వారాల ముందు అడిగితే మాలో చాలామందిమి కాదనే అంటాము. రాసేటప్పుడు మొదటి దశ ఫారంలో ఈ జబ్బు ఎంత ముఖ్యమైనదో చెప్పడానికి ఒక పేరా చాలు. ముఖ్యం అనుకున్నారు కాబట్టే వారు కాల్ ఇచ్చారు. మిగతా స్థలమంతా ఎలా చేస్తారన్న దానికి వాడండి. రెండో దశకు పిలుపు వస్తే బయటి సమీక్షకుల వ్యాఖ్యలు వస్తాయి, వాటికి జవాబు రాసే అవకాశం ఇస్తారు. అప్పుడు ఆ వ్యాఖ్యలు ఇక్కడ పెట్టకండి గాని, ఉపసమూహం గురించి ఎవరైనా అడిగితే మాత్రం నాకు విడిగా రాయండి, లెక్క వేసి పంపుతాను.